కుట్టు విప్పిన పక్షుల పుస్తకం

గ్రంథాలయం కింది అంతస్తులో, మెట్ల పక్క గదిలో, ఇరవై ఆరేళ్లుగా ఆవిడ పుస్తకాలు బాగుచేస్తోంది. వెన్ను విరిగినవి, అట్ట ఊడినవి, చంటిపిల్లల చేతుల్లో పడి పీలికలైనవి, ఏవొచ్చినా విప్పి, కుట్టి, జిగురు రాసి, బరువు కింద పెట్టి మళ్ళీ అరల్లోకి పంపుతుంది. అందరూ బైండరమ్మ అంటారు. ఇంట్లో మొగుడు కూడా, కోపం వచ్చినప్పుడు.

ఆవిడకు పక్షుల గోల లేదు. ఆ గోలంతా ఆడపడుచుది. భర్తకు అక్క, ముప్ఫై ఏళ్లు భూగోళం పాఠాలు చెప్పి రిటైరైన టీచరు. మెడలో బైనాక్యులర్స్ లేకుండా పాలప్యాకెట్టుకు కూడా బయటికి వెళ్ళదు. భూమధ్యరేఖ దగ్గరి అడవిలో పది రోజులు గడపాలని ఏడాదిగా డబ్బు కూడబెట్టింది. తీరా టికెట్లు కొన్నాక తోడు రావలసిన స్నేహితురాలు స్నానాలగదిలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

"నువ్వు రావాలే మరదలా," అంది టీచరు. "నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసుగా. పక్కన ఒక మనిషుండాలి."

"నాకు కాకికీ కోకిలకీ తేడా తెలీదు వదినా."

"తెలియక్కర్లేదు. సంచి మోస్తే చాలు."

భర్త అడ్డు చెప్పలేదు. "వెళ్ళు, నేనేమన్నా పాలు తాగే పిల్లాణ్ణా?" అన్నాడు. గ్రంథాలయంలో ఆవిడ వాడుకోని సెలవులు ఎలాగూ కుప్పపడి ఉన్నాయి. బైండరమ్మ సరేనంది.

ఆ ఆదివారం టీచరు మూడు పుస్తకాలతో దిగి భోజనాల బల్ల మీద పరిచింది. ఒకటి ఫోటోలది, ఒకటి జేబులో పట్టే సన్నటిది, మూడోది ఇటుకరాయంత లావుది.

"ముందు మనకు బాగా తెలిసిన పిట్టను చూడాలి," అంటూ ఫోటోల పుస్తకంలో పావురాన్ని తీసి, కిటికీ బయట గోడ మీద కూర్చున్న పావురాన్ని చూపించింది. "ఏమన్నా పోలిక ఉందా?"

బైండరమ్మ రెండింటినీ మార్చి మార్చి చూసింది. ఫోటోలో పావురం సాయంత్రపు ఎండకు నారింజరంగు తిరిగి ఉంది. "లేదు వదినా."

"తెలిసిన పిట్టే ఇలా ఉంటే తెలియనివి ఎలా ఉంటాయో ఆలోచించు. పైగా అన్నీ మగపిట్టలే. ఆడవి అడవిలో ఉండవనుకున్నాడో ఏమో ఈ ఫోటోలు తీసినాయన." ఆ పుస్తకాన్ని పక్కకు నెట్టేసింది.

"ఈ చిన్నది బావుంది కదా. తేలిగ్గా ఉంది."

టీచరు ఆ సన్నటి పుస్తకాన్ని కాసేపు చేతిలో తిప్పింది. "ఇరవై ఏళ్ల కిందట ఇలాంటిదే పట్టుకుని మొదటిసారి అలాంటి అడవికి వెళ్ళాను. అక్కడ పదకొండువందల రకాలుంటే ఇందులో మూడువందలే వేస్తారు. కనిపించిన ప్రతి పిట్టకీ ఈ మూడువందల్లోంచే ఓ పేరు అంటగట్టాను. పుస్తకంలో లేని పిట్ట ఎప్పుడూ ఉన్న పిట్టలాగే కనిపిస్తుందే. ఆరు రోజుల జాబితా అంతా తప్పు. ఇంటికొచ్చాక తెలిసింది."

ఇక మిగిలింది లావు పుస్తకం. బొమ్మలన్నీ చేత్తో వేసినవి. ఆడా మగా పిల్లా, ఎగిరేటప్పుడొకటి, కూర్చున్నప్పుడొకటి. వంటింటి త్రాసులో పెడితే రెండు కిలోలు దాటింది.

"బొమ్మల వరకూ కోసిచ్చెయ్. నీకు నిమిషం పని," అంది టీచరు, ఉల్లిపాయ కొయ్యమన్నంత తేలిగ్గా.

బైండరమ్మ పుస్తకాన్ని తనవైపు లాక్కుంది. "పుస్తకం కొయ్యమంటారా? నన్నా?"

"నా పుస్తకమేగా."

"మీదే కావచ్చు. నేను కొయ్యను వదినా. ఇంకేదైనా చెప్పండి."

పెళ్ళైన పాతికేళ్లలో ఆడపడుచుకు ఆవిడ ఎదురు చెప్పడం అదే మొదలు. టీచరు మూతి ముడుచుకుని, మూడు పుస్తకాలూ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే బైండరమ్మ ఆ లావు పుస్తకాన్ని సంచిలో వేసుకుని పార్కుకు వెళ్ళింది. అసలు కష్టమెంతో తెలుసుకుందామని. రెండో మలుపు తిరిగేసరికి భుజం లాగేసింది. చెట్టు మీద పసుపుపచ్చ పిట్ట ఒకటి వాలింది. సంచి దించి, జిప్పు తీసి, పుస్తకం రెండు చేతులా పట్టుకుని బొమ్మ వెతికేలోగా పిట్ట లేదు, దాని ఈక కూడా లేదు. బొమ్మలన్నీ నడుమ, వివరాలన్నీ చివర. రెండు వేళ్ళు రెండుచోట్ల ఇరికించుకుని నిలబడితే ఆవిడ తల ప్రాణం తోకకు వచ్చింది. బెంచీ మీద కూలబడింది.

ఊరికే కూర్చోలేక అలవాటు కొద్దీ పుస్తకం వెన్ను తడిమి చూసింది. తరవాత నడిమికి తెరిచి మడతలోకి చూసింది. తెల్లటి దారం కనిపించింది. జిగురుతో అంటించింది కాదు, పదహారేసి పేజీల మడతలు, బైండర్ల మాటలో ఫారాలు, పద్ధతిగా కలిపి కుట్టింది. కుట్టినదాన్ని కొయ్యక్కర్లేదు. విప్పొచ్చు.

ఆ సాయంత్రమే ఆడపడుచుకు ఫోన్ చేసింది. "కొయ్యను వదినా, విప్పుతాను. వచ్చాక కావాలంటే మళ్ళీ ఒక్కటిగా కుట్టి ఇస్తాను. ఒక్క పేజీ పోదు."

"రెండూ ఒకటి కాదా?" అంది టీచరు.

"మీకు కాకీ కోకిలా ఒకటేనా?"

టీచరు నవ్వేసింది.

వారం రోజులు, పని వేళ అయ్యాక, బైండరమ్మ ఆ పుస్తకం ముందు కూర్చుంది. తడిగుడ్డ వేసి జిగురు మెత్తబరచి, అట్ట విడదీసి, మడత మడతలోనూ దారం తెంపుతూ వచ్చింది. బొమ్మల ఫారాలు పదిహేను వచ్చాయి. వాటిని వేరే కుట్టి, చెమ్మకు తట్టుకునే మెత్తటి అట్ట వేసింది. మిగతా భాగానికి మామూలు గుడ్డ అట్ట, అది బసలో ఉంటుంది. కుట్టేటప్పుడు ఒక్కో ఫారాన్నీ తెరవాలి, సరిచూడాలి, మడవాలి. గద్దలు, చిలకలు, వడ్రంగిపిట్టలు ఆవిడ చేతుల మీదుగానే వెళ్ళాయి. పేర్లు పట్టించుకోలేదు. వరస మాత్రం చేతికెక్కింది.

అడవిలో మొదటి రెండు రోజులు ఆవిడ సంచే మోసింది. ఆకుల మీంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. పిట్టలు గుంపులుగా వచ్చి, అరనిమిషం కొమ్మలన్నీ కదిపి వెళ్ళిపోయేవి. టీచరు బైనాక్యులర్స్ లోంచి కళ్ళు తీయకుండా "ముక్కు వంకర, గొంతు తెలుపు," అనేది. ఆవిడ తల దించేసరికి బైండరమ్మ ఆ పేజీ తెరిచి పట్టుకుని ఉండేది. మొదట టీచరు గమనించలేదు. నాలుగోసారికి గమనించింది.

"నీకెలా తెలుస్తోందే?"

"తెలీదు వదినా. వంకర ముక్కులు పదో ఫారం, అంతే."

మూడో రోజు పొద్దున, దారి చూపే ముసలాయన ఠక్కున ఆగి చెయ్యెత్తాడు. కొమ్మ మీద పచ్చటి వీపుతో ఒక పక్షి నిటారుగా కూర్చుంది. కాసేపటికి ఇటు తిరిగింది. పొట్ట ఎర్రగా మెరిసింది. బైండరమ్మ ఏడో ఫారం నడిమి పేజీ, దారం కనిపించేచోట, తెరిచింది. ఒకే అచ్చులో పోసినట్టు మూడు ఎర్రపొట్ట పిట్టలున్నాయి. తోక అడుగున మాత్రమే తేడా.

"నాకు ఆకు అడ్డమొచ్చింది," అంది టీచరు గుసగుసగా. "తోక కనపడట్లేదు. కదిలితే ఎగిరిపోతుంది. నీకు కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది. చారలున్నాయి."

"లావా, సన్నమా? తొందరపడకు."

బైండరమ్మ తొందరపడలేదు. కుట్ల మధ్య ఎడం చూసే కళ్ళవి. "సన్నం. దువ్వెన పళ్ళలాగా. చివరిదాకా ఒకే ఎడం."

ముసలాయన నెమ్మదిగా పక్కకు జరిగి తనూ చూశాడు. "సన్నచారలే," అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో. "ఈ దారిలో రోజూ కనిపించేది లావుచారలది. దీన్ని చూసి మూడేళ్లయింది." పక్షి ఇంకాసేపు కూర్చుని, ఏమీ జరగనట్టు లోపలికి ఎగిరిపోయింది.

మధ్యాహ్నం బస వరండాలో టీచరు నోటుబుక్కు తీసి పేరు, తారీఖు, చోటు రాసింది. మోకాళ్ళకు మందు రాసుకుంటూ బుక్కును బల్లమీదే తెరిచి ఉంచింది. బైండరమ్మ వంగి చూసింది. పేరుకు ఎదురుగా, ఎప్పుడూ 'నేను' అని ఉండేచోట, 'మరదలు చూసింది, నేను నమ్మాను' అని గుండ్రటి అక్షరాలతో ఉంది. బైండరమ్మ టీ పోసి ఒక కప్పు ఆడపడుచు ముందు పెట్టింది.

అప్పుడే వరండా కమ్మీ మీద చిన్న గోధుమరంగు పిట్ట వాలింది. చార లేదు, మచ్చ లేదు, ఎటు చూసినా గోధుమరంగే. ఇద్దరూ రెండు పుస్తకాలూ ముందేసుకున్నారు. టీచరు వివరాలు చదివింది, బైండరమ్మ బొమ్మలు తిప్పింది. అలాంటివి పద్నాలుగున్నాయి. పిట్ట మాత్రం తాపీగా రెక్కలు సర్దుకుంటూ కూర్చుంది.

"ఇదేమిటో చెప్పలేం," అంది చివరికి టీచరు. ఆవిడ గొంతులో బాధేమీ లేదు. "గోధుమరంగు పిట్ట అని రాసేదా?"

"రాయండి. టీ చల్లారిపోతోంది."