మేడ మీద ఒంటె

చిన్నప్పుడు మా అక్క కథ చెబుతుంటే ఊఁ కొట్టే ఉద్యోగం నాది. నా ఊఁ ఆగిందా, కథ కూడా అక్కడే ఆగిపోయేది. రాకుమారుడు రాక్షసుడి నోట్లో సగం లోపల, సగం బయట ఉన్నా సరే, అక్క ముసుగు తన్ని పడుకునేది. అందుకే ఊఁ అంటే నాకు ఇప్పటికీ భయమూ భక్తీ.

అలాంటి అక్క మొన్న నా సెలూన్‌కు వచ్చి, ఖాళీ కుర్చీలో కూలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఇక మీ బావతో మాట్లాడనురా. కళ్ళు ఫోన్లోనే, బొటనవేలు ఫోన్ మీదే. నేనేం చెప్పినా ఊఁ అంటారు. ఒళ్ళు మండి, 'ఏవండీ, మన మేడ మీదికి ఒంటె ఎక్కింది' అన్నాను. దానికీ ఊఁ!"

నాకు నవ్వు రావాలి. రాలేదు. కథలు చెప్పే మనిషి నోరు మూసుకుంటే ఇక అదేం ఇల్లు?

ఆదివారం బావ గడ్డం గీయించుకోవడానికి వచ్చాడు. బావ వీధిలోకి వస్తే ముందు మీసం వస్తుంది, వెనకాల మనిషి వస్తాడు. కుర్చీలో కూర్చోగానే ఫోన్ తీశాడు. పిల్లికూనలు, వంటలు, పెళ్ళిలో ఎవరో జారిపడటం, మళ్ళీ పిల్లికూనలు. నేను నురగ పట్టిస్తూ అడిగాను.

"బావా, మీసం తీసేయమంటారా?"

"ఊఁ."

"మొత్తం?"

"ఊఁ."

"తర్వాత నన్ననకూడదు మరి."

"ఊఁ."

ఇంతకన్నా ఎవరైనా ఏమడుగుతారు? కత్తి ఆడించాను. మీసం ఒళ్ళో రాలితే, దాన్ని దులిపేసి మళ్ళీ పిల్లికూనల్లో పడ్డాడు మహానుభావుడు. చివర్లో మొహం మీద వేడి తువ్వాలు వేశాను. ఈలోగా ఫోన్ లాక్ పడింది. తువ్వాలు తీయగానే బావ దానికి మొహం చూపించాడు.

ముఖం గుర్తించలేదంది ఫోన్. కళ్ళు పెద్దవి చేసి చూపించాడు. పళ్ళు ఇకిలించి చూపించాడు. ఊహూఁ.

"ఒరేయ్, ఫోన్ చెడిపోయిందిరా!"

"ఫోన్ లక్షణంగా ఉంది బావా. ఓసారి అద్దం చూసుకోండి."

చూసుకున్నాడు. ఎవరో కొత్తవాడనుకుని కాస్త పక్కకు జరిగాడు. అద్దంలోవాడూ జరిగాడు. అప్పుడు పెట్టాడు కేక!

"అంకెలు కొట్టి తెరవండి" అన్నాను.

"మొహం ఉండగా అంకెలెందుకని ఎప్పుడో మర్చిపోయాను!"

"అయితే మీసం మొలిచేదాకా ఆగాల్సిందే."

పాపం, ఆ బొటనవేలు కుర్చీ చేతిని రుద్దుతూనే ఉంది. చూస్తే నిజంగానే జాలేసింది.

"ఏదైనా మాట్లాడరా, తోచి చావట్లేదు" అన్నాడు.

"అక్కనడగండి. మీ మేడ మీదికి ఒంటె ఎక్కిందట. మీరు ఊఁ కూడా అన్నారట."

"ఒంటెనా? మా మెట్ల మీద సోఫాయే పట్టలేదు కదరా, అదెలా ఎక్కిందీ?"

"నాకేం తెలుసు?"

మెడకు కట్టిన గుడ్డతోనే ఇంటికి పరుగెత్తాడు.

కొన్నాళ్ళకు బావ మీసం మళ్ళీ గుబురుగా మొలిచింది. ఫోన్ కూడా ఆయన్ను గుర్తుపట్టిందని విని నా గుండెల్లో రాయి పడింది. అక్క గతి మళ్ళీ మొదటికొచ్చింది అనుకున్నాను. అంతలో బావే సెలూన్‌కు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"మీసం తీసెయ్."

"అదేంటి బావా, ఇప్పుడేగా మొలిచింది?"

"ఫోన్ తెరుచుకుంటే నా ధ్యాస అటే పోతుంది. మధ్యలో ఊఁ ఆగితే మీ అక్క కథ ఆపేస్తుందిరా. ఒంటె ఇంకా మేడ దిగలేదు."