సాక్షి సంతకం

జెమీమాకి తల్లి మీద ప్రేమ పొంగిపొర్లింది లాయరు ఆఫీసులో. అంతకుముందు తొమ్మిదేళ్ళలో పొంగలేదా అంటే, పొంగే ఉంటుంది పాపం, కాలిఫోర్నియాలోని డబ్లిన్ నుంచి నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్ దాకా ఫ్లైట్ టికెట్ దొరక్క ఆగిపోయి ఉంటుంది. ప్రిస్సిల్లా అలాగే అనుకుంది. ఆడపడుచు గురించి అంతకంటే మంచిగా అనుకోవడం ఆమె వల్ల కాలేదు.

సంగతేమిటంటే, ప్రిస్సిల్లా అత్తగారు నవోమి ఏడాదిగా నర్సింగ్ హోమ్‌లో ఉంది. ఏలూరులో నర్సింగ్ చదివి, అమెరికా వచ్చి, ముప్ఫై ఏళ్ళు ఆస్పత్రి డ్యూటీలు చేసి సొంత సంపాదనతో ఇల్లు కొన్న మనిషి. మతిమరుపు ఆమెలో ముందు ఇంగ్లిషుని తినేసింది, తర్వాత మనుషుల్ని తినడం మొదలెట్టింది. పైగా పక్షవాతం. రెండేళ్ళు మంచం మీదే ఉంటే ప్రిస్సిల్లా ఒక్కతే ఎత్తి, దించి, కడిగి, తుడిచి, చివరికి తన నడుమే పడిపోయి ఇక చేతకాక అక్కడ చేర్పించింది. నెలకి తొమ్మిది వేల డాలర్లు. ముసలావిడ దాచుకున్నదంతా ఆ ఏడాదిలోనే కరిగిపోయింది. ఇక మెడికెయిడ్‌కి అప్లై చేయాలి. ఖర్చు గవర్నమెంటు భరిస్తుంది, కాకపోతే ఈవిడ దగ్గర నిజంగా ఏమీ లేదని ముందు దానికి నమ్మకం కలగాలి.

చిక్కంతా ఇంటి దగ్గర వచ్చింది. ఇల్లు నవోమి పేరునే ఉంటే, ఆమె పోయాక గవర్నమెంటు తన ఖర్చంతా ఆ ఇంటి మీద రాబట్టుకుంటుందని లాయరు చెప్పాడు. ఒక దారి మాత్రం ఉందన్నాడు. నర్సింగ్ హోమ్‌కి వెళ్ళకముందు కనీసం రెండేళ్ళు అదే ఇంట్లో ఉండి ఆమెని చూసుకున్న కొడుకు గానీ కూతురు గానీ ఉంటే, ఇల్లు వాళ్ళ పేరున రాసేయొచ్చు.

"కోడలైతే?" అని అడిగింది ప్రిస్సిల్లా.

"కోడలికి కుదరదు. రూల్‌లో లేదు."

భర్త షాలేం రాజు బతికుంటే అతని పేరన్నా పనికొచ్చేది. అతను పోయి ఆరేళ్ళయింది. ఆ రూలు రాసిన మహానుభావుడి ఇంట్లో కోడళ్ళు లేరు కాబోలు, ముసలివాళ్ళకి ఎవరు నీళ్ళు పోస్తారో ఆయనకి తెలిసినట్టు లేదు.

అదిగో, అప్పుడు పొంగింది, ఇంటి మాట వినగానే టికెట్ దొరికి వచ్చి పక్క కుర్చీలో కూర్చున్న జెమీమా ప్రేమ. "నేనే కదండీ చూసుకుంది! నా మనసు ఎప్పుడూ అమ్మ దగ్గరే ఉండేది" అని టిష్యూ తీసుకుంది. మనసు ఇంతవరకు ఎవరి డైపరూ మార్చలేదు. కానీ లాయరు అదేమీ అడగలేదు. ఫారం ఇచ్చి, రోజూ ఏమేం చేసేవారో వివరంగా రాసి తెమ్మన్నాడు. ఆ ఇంట్లో ఉన్నవాళ్ళెవరైనా సాక్షి సంతకం పెడితే మరీ మంచిదన్నాడు.

ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ ముందు కూర్చుని జెమీమా పరీక్షకి చదువుకున్నట్టు అడగసాగింది. "వదినా, అమ్మ పొద్దున్న ఎన్నింటికి లేచేది?" "ఐదింటికి." 'నేను ఐదింటికి లేచి' అని రాసుకుంది. "టాబ్లెట్స్ ఎలా వేసేదానివి?" "పొడి చేసి పెరుగులో." 'నేను పొడి చేసి.' వీపు మీద పుళ్ళు రాకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని చెబితే ఆశ్చర్యపోయింది. విరేచనం సంగతి చెబుతుంటే ముక్కు మూసుకుని, "ఛీ, అది వద్దులే వదినా" అంది. మహాతల్లి, కాగితం మీద కూడా భరించలేకపోయింది.

"మరి నా సంగతేంటి జెమీమా?" ప్రిస్సిల్లా అడిగేసింది. ఆమెకున్న నీడ ఆ ఇల్లొక్కటే. గ్రోసరీ స్టోర్‌లో పార్ట్‌టైమ్ జీతంతో మోరిస్‌విల్‌లో కారు షెడ్డు కూడా అద్దెకి రాదు.

"నిన్ను రోడ్డు మీద పడేస్తానా? కింద రూమ్ నీదే. నువ్వు సైన్ చేస్తే చాలు. చేయకపోతే మాత్రం నీకూ లేదు, నాకూ లేదు."

ప్రిస్సిల్లా సంతకం పెట్టింది. ఆదివారం చర్చిలో ఎవరి ముఖమూ చూడలేకపోయింది. ఆడపడుచుని ఎంత తిట్టుకుందో అంతకు రెండింతలు తనని తాను తిట్టుకుంది.

రెండు వారాల తర్వాత కౌంటీ ఆఫీసు నుంచి ఒకావిడ అప్లికేషన్‌లో రాసింది నిజమో కాదో చూడ్డానికి ఫైలు పట్టుకుని నర్సింగ్ హోమ్‌కి వచ్చింది. జెమీమా కొత్త చీర కట్టుకుని తల్లి చెయ్యి పట్టుకుని కూర్చుంది. ప్రిస్సిల్లా గోడకి ఆనుకుని నిలబడింది.

"అమ్మకి ఇంగ్లిష్ రాదు, నేను ట్రాన్స్‌లేట్ చేస్తాను" అంది జెమీమా.

ఇంట్లోవాళ్ళు చేయకూడదని ఆవిడ నవ్వుతూ చెప్పి, ఎవరికో ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి మంచం మీద ఉంచింది. అందులోంచి ఒక మగ గొంతు తెలుగులో పలికింది. "అమ్మా, నమస్తే. నేను ఇంటర్‌ప్రెటర్ని. ఇంట్ల ఉన్నప్పుడు మిమ్మల్ని ఎవరు చూస్కున్నరమ్మా?"

నవోమి తల ఎత్తింది. కళ్ళలోకి ఎక్కడిదో డ్యూటీ వెలుగు వచ్చింది. షిఫ్ట్ మారేటప్పుడు తర్వాతి నర్సుకి అప్పజెప్పే గొంతుతో మొదలుపెట్టింది. "ఆడ పేషెంటు. ఎనభై రెండేళ్ళు. ఎడమ పక్క పడిపోయింది. రెండు గంటలకోసారి తిప్పాం. వీపు చూసుకోండి, ఒక్క పుండు లేదు."

"ఎవరు తిప్పిన్రమ్మా?"

"మా ప్రిస్సిల్లా. మంచి నర్సు. పని దొంగ కాదు."

కోడలిగా వచ్చిన ఇన్నేళ్ళలో ఆ నోటి నుంచి తన గురించి 'మంచి' అన్న మాట ప్రిస్సిల్లా వినలేదు. కోడలన్న సంగతి మర్చిపోయాక గానీ ఆ మాట రాలేదు. అయినా గుండె నిండిపోయింది, కళ్ళు తుడుచుకుంది.

"అమ్మా, నేనమ్మా, జెమీమాని!" కూతురు తల్లి భుజం పట్టుకుని ఊపింది.

నవోమి ఆమె వైపు మర్యాదగా చూసింది. "విజిటింగ్ అవర్స్ అయిపోయాయండీ. తెచ్చిన పళ్ళు అక్కడ పెట్టి వెళ్ళండి."

ఫోన్‌లో ఆయన దాన్ని కూడా ఇంగ్లిషులో చెప్పాడు. కౌంటీ ఆవిడ నవ్వలేదు. ఫైలులోంచి ఒక కాగితం తీసి గోడ దగ్గరికి వచ్చింది. ఇది మీ సంతకమేనా అని అడిగింది.

జెమీమా కళ్ళతోనే బతిమాలింది, కళ్ళతోనే బెదిరించింది. ప్రిస్సిల్లాకి కింద రూమ్ కనబడింది, కిటికీ కనబడింది, అత్తగారు పోయాక సామాను సర్దుకుంటున్న తను కూడా కనబడింది.

"సంతకం నాదే" అంది. "పని కూడా నాదే."

కంగారులో తెలుగులోనే అనేసింది. ఫోన్‌లో ఆయన ఒక్క మాట పొల్లు పోకుండా ఇంగ్లిషులోకి మార్చాడు.