చల్లారకముందు

దొర అంటే గుర్రం. పందేల జాబితాలో దాని అసలు పేరు బారెడుంటుంది, దాన్ని పలికే ఓపిక ఎవరికీ లేదు. తొట్టి కడిగితే తప్ప నీళ్లు ముట్టదు, నచ్చని మనిషిని దగ్గరికి రానివ్వదు, అందుకే దొర. ఎల్లుండి పెద్ద పందెంలో అది పరిగెత్తవచ్చో లేదో గుండె చూసి చెప్పాల్సిన డాక్టర్ని నేను. దాన్ని ఎక్కాల్సిన జాకీ నా తమ్ముడు. అక్కాతమ్ముళ్లు ఒకే గుర్రం దగ్గర పనిచేయకూడదనే రూలేదైనా ఉంటే నా ప్రాణానికి హాయిగా ఉండేది.

నిరుడు తమ్ముడు కిందపడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది కానీ పని అతుక్కోలేదు. నిన్నటిదాకా భుజాన చేతులేసి తిరిగిన ట్రైనర్లు వాడి ఫోను ఎత్తడం మానేశారు. ఈ ట్రైనర్ ఒక్కడే పోనీలే అని దొరనిచ్చాడు. ఎల్లుండి బాగా తోలితే వాడు మళ్లీ జాకీ. లేకపోతే ఇక అంతేనక్కా అని నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది.

మనుషులకు తీసినట్టే గుర్రానికీ ఈసీజీ తీస్తాం. మెడ దగ్గరొక క్లిప్పు, ముందుకాలి వెనక ఒక క్లిప్పు, స్పిరిట్‌తో తడిపి పెడితే గుండె గీత వచ్చేస్తుంది. బాగా సాధన చేసిన గుర్రం ఊరికే నిలబడి ఉన్నప్పుడు దాని గుండె అప్పుడప్పుడూ ఒక దెబ్బ ఎగ్గొడుతుంది. బద్ధకం, అంతే. నాలుగడుగులు పరిగెత్తిస్తే పోతుంది. దొర గుండె కూడా అలాగే ఎగ్గొట్టేది. అది జబ్బు కాదు మహాప్రభో అని ట్రైనర్‌కు చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది.

వేడి మీదున్నప్పుడు దొర తంతుంది కాబట్టి ఇన్నాళ్లూ దాన్ని కడిగి, చల్లారాక లాయంలోనే ఈసీజీ తీసేదాన్ని. ఈసారి పొట్ట కింది పట్టీలో అంటించే చిన్న మిషను తెచ్చాను. గుర్రం పరిగెత్తుతుంటే ఇక్కడ నా చేతిలోని తెర మీద గీత కనబడుతుంది.

"వద్దక్కా, చెమటకి ఊడిపోద్ది," అన్నాడు తమ్ముడు జీను బిగిస్తూ. "ఎప్పట్లాగే చల్లారాక తియ్యి."

"ఊడితే ఊడేది నా మిషనేగా. మధ్యలో నీకేంటి నొప్పి?"

"దొరకి చిరాకు."

"దొరకా, నీకా?"

వాడు గబుక్కున ఎక్కి వెళ్లిపోయాడు. పందెం దగ్గరపడిందని కంగారు కాబోలనుకున్నాను.

కంచె పక్కన ట్రైనర్, నేను నిలబడ్డాం. దొర పరుగందుకుంది. తెర మీద గీతలు చిన్నగా, దగ్గరదగ్గరగా, అన్నీ ఒకే ఎత్తున పడుతున్నాయి. బద్ధకం దెబ్బలు మాయమయ్యాయి. మైదానం చుట్టొచ్చి, అవతలి మలుపు దగ్గర వేగం తగ్గింది. నేను ఊపిరి వదలబోయాను.

అప్పుడు వచ్చిందొకటి. వెడల్పుగా, వంకరగా, వరస తప్పి. ఆ వెంటనే ఇంకోటి. తరవాత నాలుగైదు ఒకదాని మీదొకటి పడ్డాయి. ఆ పైన గీత చదునుగా సాగింది. మళ్లీ దెబ్బ పడేదాకా ఆ తెర మీంచి చూపు తిప్పలేకపోయాను.

తల ఎత్తి చూస్తే తమ్ముడు అప్పటికే కిందికి దిగి ఉన్నాడు. కళ్లెం పట్టుకుని, దొర మెడ మీద చెయ్యేసి, దేనికోసమో ఆగినవాడిలా నిలబడ్డాడు. ఏ జాకీ అక్కడ దిగడు, లాయం దాకా ఎక్కే వస్తాడు. వీడు మాత్రం కొన్నాళ్లుగా అక్కడే దిగి నడిపించుకొస్తున్నాడు. గుర్రమంటే ఎంత ప్రేమో అని అందరం మెచ్చుకున్నాం. ప్రేమా, నా మొహమా. వీడికి తెలుసు. తెలిసే చల్లారబెట్టి నా దగ్గరికి తెస్తున్నాడు.

నడిచి నడిచి ఇద్దరూ కంచె దగ్గరికొచ్చారు. నేను పట్టీ విప్పి చూస్తే మిషను ఒక పక్క నిజంగానే ఊడి వేలాడుతోంది.

"ఇది ఎల్లుండి పరిగెత్తకూడదు," అన్నాను ట్రైనర్‌తో.

"మీరే కదమ్మా, దెబ్బ తప్పడం మంచిదే అన్నారు?"

"అది నిలబడి ఉన్నప్పుడు. ఇవి పరుగు ఆపగానే పిలవని పేరంటంలా వచ్చిపడ్డ దెబ్బలు. ఇవి ఎక్కువైతే గుర్రం ఉన్నపళంగా కూలిపోద్ది. పైనున్నవాడు దాని కింద పడతాడు."

ఆయన వేలాడుతున్న మిషను వంక చూశాడు. "ఊడిన దాంతో తీసిన గీత పట్టుకుని నా గుర్రాన్ని కట్టెయ్యమంటారా? చల్లారాక ఇంకో డాక్టర్ని పిలిపిస్తా. మీ తమ్ముడి గురించి భయమైతే చెప్పండి, పొట్టోడు ఎక్కుతాడు."

పొట్టోడు కూడా ఆ లాయం జాకీయే, తమ్ముడి స్నేహితుడు. కాస్త అవతల వేరే గుర్రానికి జీను వేస్తూ ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. చల్లారాక తీస్తే గీత శుభ్రంగా ఉంటుంది, నాకు తెలుసు. నా దగ్గర ఇంకో రుజువు లేదు. ఉన్నదల్లా తమ్ముడి నోట్లో ఉంది.

నేను వాడి మొహంలోకి చూశాను. వాడు నేల చూపులు చూస్తున్నాడు. గుర్రం జబ్బు దాచిన జాకీకి లైసెన్సు ఉండదు. వాడు నోరు విప్పితే ఎల్లుండి పందెమే కాదు, ఏ పందెమూ లేదు. వాణ్ణి చెప్పమని నేనెలా అడగను? చెప్పకపోతే ఎలా ఊరుకోను?

ట్రైనర్ పొట్టోణ్ణి పిలవడానికి చెయ్యెత్తాడు.

"మిషను తప్పేం లేదు సార్," అన్నాడు తమ్ముడు. "ఆగేటప్పుడు దొర తూలుతోంది. మోకాళ్ల కింద నాకు తెలుస్తుంటుంది. ఇప్పటికి మూడుసార్లైంది. నేనే దాచాను."

"ఏం చెప్తున్నావో తెలుసా నీకు?"

"తెలుసు సార్."

ట్రైనర్ వాడి చేతిలోంచి కళ్లెం అందుకుని దొరని తానే లాయంలోకి నడిపించుకుపోయాడు.

నేను తమ్ముడి వీపు మీద ఒక్కటిచ్చాను. చెయ్యి చుర్రుమంది. వాడు కదల్లేదు.

"నువ్వు ఎక్కినన్నాళ్లూ నోరు మెదపలేదు. పొట్టోడనేసరికి చెప్పబుద్ధేసిందా?"

"వాడికి పిల్లలున్నారు కదక్కా."

ఎంత మామూలుగా అన్నాడో. టైమెంతైందో చెప్పినట్టు.

"మరి నీకు నేను లేనట్రా?" అన్నాను.

వాడు నా వంక చూశాడు. ఆ సంగతి ఇప్పుడే తెలిసినవాడిలా చూశాడు. తరవాత కంచె పట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. నేనూ పక్కన కూర్చున్నాను.