విమానం ముక్కుకి వెండి టేపు

పాంటు ఒక కాలు ఇస్త్రీ అయింది. పెట్టె నిలబెట్టి, యోగేశ్వరి ఫోనులోని ఫొటోను రెండు వేళ్లతో మళ్లీ పెద్దది చేసింది. న్యూజీలాండ్ చలిలో, తను నడపడం నేర్చుకుంటున్న చిన్న విమానం పక్కన, ఎర్ర టోపీలో కూతురు తివ్య నవ్వుతోంది. ఆ నవ్వు ఈ బంటింగ్ ఊరి ఇంట్లో అందరూ చూశారు. విమానం ముక్కు దగ్గర, గాలి పోయే కన్నంలో, ఇనుప జల్లెడ మీద అంటించిన వెండి టేపును మాత్రం ఆమె ఒక్కతే చూసింది.

"ఆ టేపు ఏటండి? ఇరిగిపోనాదా?"

"ఇరిగినదాన్ని ఎగరనిస్తారా? నీకేటి తెలుసులా. పాంటు మాడిపోతాది సూడు," అన్నాడు భర్త తాతబాబు, బనీనుతో నిలబడి.

నీకేటి తెలుసు. ఇరవై నాలుగేళ్లుగా పొద్దున టీతో పాటు వింటున్న మాట. కూతురు ఫోను చేస్తే ముందు ఆయనే మాట్లాడతాడు. మార్కులు, గాలి, మాస్టారు అన్నీ అయ్యాక చివరి రెండు నిమిషాలకు ఫోను ఈమె చేతికొస్తుంది, తిన్నావా అని అడగడానికి. తిన్నానంటుంది అది. నిజమో కాదో. పోయిన ఏడాది దాని చెయ్యి విరిగితే కట్టు విప్పాక గాని ఈమెకు చెప్పలేదు తండ్రీ కూతుళ్లు. ఈరోజు అది మొదటిసారి ఒంటరిగా కొండలు దాటి ఎగురుతుందట. ఈ టేపు గురించి ఏం దాస్తున్నారో.

ఆయన ముఖం కడుక్కోవడానికి లోపలికి వెళ్లగానే తనే ఫోను కలిపింది.

"అమ్మా? నాన్న ఏరి?"

"నేనే. ఆ టేపు ఏటి?"

తివ్య నవ్వింది. "సలికమ్మా. ఇంజను నూనె మరీ సల్లబడితే సరిగ్గా పారదు, లోపల తడి ఆరక తుప్పు పడతాది. నూనెని సల్లబరిసే జల్లెడ అది. గాలి తగలకుండా సగం మూసినారు. పొద్దున్న నూనె వేడి సూపే ముల్లు లేవనే లేదు."

"ఇప్పుడు అక్కడ ఎండెక్కిందా?"

"బాగా. కోటు కూడా తీసేసినాను."

"నీ కోటు నువ్వు తీసినావు. దాని కోటు ఎవరు తీసినారు?"

"మెకానిక్కు తీసేసే ఉంటాడులా."

తీసేసే ఉంటారు. తను పనిచేసే గ్లౌజుల ఫ్యాక్టరీలో ఒకసారి మెషిన్లు కడిగేటప్పుడు తడవకూడదని మోటారు గాలికన్నాలకు ప్లాస్టిక్ చుట్టారు. చుట్టిన షిఫ్టు ఇంటికి పోయింది. తీసేసే ఉంటారని సూపర్‌వైజరు అన్నాడు. మోటారు కాలిపోయాక మెమో మాత్రం బటన్ నొక్కిన యోగేశ్వరికి వచ్చింది. ఇంట్లో ఆ మెమో చదివి తాతబాబు అన్నది కూడా ఆ మాటే. నీకేటి తెలుసు.

"ఉంటాడు కాదు. పోయి నీ కంటితో సూడు. నేను లైనులో ఉంటాను."

ఫోనులో కంకర మీద అడుగుల చప్పుడు. తాతబాబు ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. "ఎగిరేముందు దాన్ని భయపెడతావేటి? ఇటియ్యి," అని చెయ్యి చాచాడు.

ఫోనులో అడుగులు ఆగాయి.

"అమ్మా." అంది తివ్య. "టేపు ఇంకా ఉంది. ఇలాగే ఎగిరితే నూనె మరిగిపోతాది. మెకానిక్కుని పిలుస్తాను. నువ్వు ఫోను పెట్టీకు."

చాచిన చెయ్యి అలాగే ఉంది. యోగేశ్వరి ఆ చేతిలో ఇస్త్రీపెట్టె పిడి పెట్టింది.

"ఒక కాలు అయిపోనాది. రెండోది మీరు సేసుకోండి," అని ఫోను చెవికి ఆనించుకుంది.