చీపురుకు దొరికిన మాటలు

మేస్త్రి ఇంట్లో పొద్దున్నే రెండుసార్లు ఊడుస్తారు. మొదటిసారి దుమ్ము కోసం, రెండోసారి మాటల కోసం. బట్టల మిల్లును ఆనుకుని ఉన్న ఆ వీధిలో చాలా ఇళ్ళలో ఇదే వరస. మగ్గాల షెడ్డులో చెవులు పోగొట్టుకున్న మనిషి ఇంట్లో ఉంటే, అతనితో అన్న మాట అతనికి వినపడకపోతే, అది దూదిపింజలా నేల మీద వాలి అక్కడే ఉండిపోతుంది. గాలికి దొర్లుకుంటూ మంచాల కిందకీ బీరువా వెనక్కీ చేరుతుంది. తీసి చెవి దగ్గర పెట్టుకుంటే, అన్నవాళ్ళ గొంతుతో ఒక్కసారి పలికి పొడి అయిపోతుంది.

మేస్త్రి భార్యకు వాటిని వినే ఓపిక ఎప్పుడో పోయింది. వినడానికేముంది, అన్నీ తనవే. ఉప్పు అయిపోయింది, తలుపు వేసి రా, నీతోనే చెప్పేది. చేటలోకి ఎత్తి వీధి చివర చెత్తబండిలో పోసి వస్తుంది. చేట మరీ నిండుగా ఉన్న రోజున బండివాడు "రాత్రి గట్టిగానే అయినట్టుందే అక్కా" అని నవ్వుతాడు, అంతే.

ఎదురుగా నిలబడి చెప్పిన మాట మాత్రం పడదు. మేస్త్రి పెదాలు చూసి దాన్ని అందుకుంటాడు. విని కూడా పట్టించుకోని మాట అసలే పడదు. అదీ పడేదైతే పెళ్ళైనవాళ్ళ ఇళ్ళలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు.

షెడ్డులో రెండు వందల మగ్గాలు ఒకేసారి ఆడతాయి. అక్కడ మాట్లాడేవాళ్ళు ఉండరు, పెదాలు కదిపేవాళ్ళే ఉంటారు. చెవుల్లో పెట్టుకోమని కంపెనీవాళ్ళు మెత్తటి బిరడాలు ఇస్తారు, ఇచ్చినట్టు సంతకం చేయించుకుంటారు, అక్కడితో వాళ్ళ బాధ్యత తీరిపోతుంది. ఎవరూ పెట్టుకోరు. పోగు తెగితే మగ్గం చప్పుడులో తేడా వస్తుంది. బిరడా పెట్టుకుంటే ఆ తేడా తెలియదు, గజం గుడ్డ పాడయ్యాక తెలుస్తుంది. అందుకని బిరడాలు ఇంటికొచ్చి పిల్లల ఆటవస్తువులవుతాయి. మేస్త్రికి ఇప్పుడు బిరడా ఉన్నా లేనట్టే, లేకున్నా ఉన్నట్టే. మగ్గం చట్రం మీద అరచెయ్యి ఆనించి పోగు ఎక్కడ తెగిందో చెప్పేస్తాడు. షెడ్డు మొత్తంలో ఆ పని వచ్చినవాడు అతనొక్కడే, అందుకే మేస్త్రి అయ్యాడు.

అతని కూతుర్ని షెడ్డులో పిచ్చుక అంటారు. నాలుగు మగ్గాల మధ్య తిరుగుతుంటే కాలు ఒక చోట ఆనదు. మూడేళ్ళ కిందట, పంతొమ్మిదేళ్ళప్పుడు, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి చేరింది. తండ్రి వద్దనలేదు. నిజం చెప్పాలంటే లోలోపల మురిసిపోయాడు. కన్నవాడు మురిసిపోవడం తప్పు కాదు గానీ, ఆ మురిపెంలో చేసిన పని మాత్రం తప్పే.

ఆ పని ఏమిటంటే, పరీక్ష దాటే విద్య నేర్పడం. ఏడాదికోసారి మిల్లు ఆస్పత్రిలో చెవుల పరీక్ష ఉంటుంది. గాజుగదిలో చెవులకు డిప్పలు తగిలించి కూర్చోబెడతారు. నర్సు వెనకవైపు, గది బయట బల్ల దగ్గర మీట నొక్కుతుంది. శబ్దం వినపడితే వేలెత్తాలి. లోపలున్నవాళ్ళకు నర్సు కనపడదు, ఎదురుగా బెంచీ కనపడుతుంది. బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్ళకు నర్సు చెయ్యి కనపడుతుంది. ఇంకేం కావాలి? ఆమె మీట నొక్కినప్పుడల్లా బెంచీ మీద ఒకరు ముక్కు గోక్కుంటారు, లోపల వేలు లేస్తుంది. మేస్త్రి ఇరవై ఏళ్ళకు పైగా అలాగే గట్టెక్కుతున్నాడు. తప్పితే షెడ్డులోకి రానివ్వరు, మడతల గదికో గోదాముకో తోస్తారు. మగ్గం తప్ప లోకం తెలియనివాడికి అది కాళ్ళు విరగ్గొట్టి కూర్చోబెట్టినట్టే.

కూతురు చేరిన కొత్తలో వంటగది గుమ్మంలో కూర్చుని, ముక్కు గోక్కుంటూ, ఆటలాగా నేర్పాడు. "తొందరపడకు. నిజంగా విన్నవాళ్ళు ఒక్క రవ్వ ఆగి వేలెత్తుతారు" అని మెలకువ కూడా చెప్పాడు. తండ్రీ కూతుళ్ళు ఆ రోజు కడుపుబ్బ నవ్వుకున్నారు. మొదటి రెండేళ్ళూ ఆ పిల్లకు ఆ విద్యతో పని పడలేదు.

మూడో ఏడు పరీక్ష ఇంకో వారం ఉందనగా, ఒక సోమవారం, మేస్త్రి భార్య చీపురు పుల్లల్లో ఏదో చిక్కుకుంది. దులిపితే రాలేదు. చేత్తో లాగితే ముతకగా, బిగుసుకున్న నూలు ఉండలా తగిలింది. తన మాటలు అలా ఉండవు. చెవి దగ్గర పెట్టుకుంది.

"గొడుగు తీసుకెళ్ళమ్మా, మబ్బు పట్టింది" అంది ఉండ, మేస్త్రి గొంతుతో.

చెవులు పోయినవాళ్ళలో కొందరు అరుస్తారు. మేస్త్రి అలా కాదు. తన గొంతు ఎంత పైకి లేస్తోందో తనకు తెలియదు కాబట్టి, నలుగురూ నవ్వుతారని లోగొంతుకతో మాట్లాడతాడు. అయినా అతని మాట ఆ ఇంట్లో ఎప్పుడూ నేల మీద పడ్డట్టు ఆమెకు తెలియదు. పడకూడదు కూడా, వినేవాళ్ళు ఇద్దరున్నారు. ఆమె చీపురు పక్కన పెట్టి లెక్క చూసుకుంది. పొద్దున అతను ఆ మాట అన్నప్పుడు తను పెరట్లో కొళాయి దగ్గర ఉంది. గుమ్మం దాటుతున్నది కూతురొక్కతే.

సాయంత్రం పిచ్చుక తడిసి ముద్దయి వచ్చింది.

"గొడుగు తీసుకెళ్ళమని నాన్న చెప్పాడు కదే?"

"చెప్పాడా?" అని ఆగింది. "ఆఁ, చెప్పాడు. నేనే బద్ధకించా."

విని బద్ధకించి ఉంటే చీపురుకు ఏమీ దొరికేది కాదు. తల్లి తువ్వాలు అందించింది. ఆ రోజు నుంచి ఊడ్చినవన్నీ వేళ్ళతో వెతికి, ముతకగా తగిలినవాటిని మూత ఉన్న డబ్బాలో వేసింది. పరీక్ష ముందురోజుకు తొమ్మిది పోగయ్యాయి. మేస్త్రి ఎదురుగా కూర్చుని డబ్బా మూత తీసింది.

అతను ఒకటి తీసి బొటనవేలితో నలిపి చూశాడు. చెవికి అందకపోయినా నేతగాడి వేళ్ళకు తన నూలు తెలుస్తుంది.

"ఇది నాదే" అన్నాడు. "నా మాటలు ఎందుకు పడ్డాయి?"

"నీ కూతురికి వినపడక."

మేస్త్రి ఉండను తిరిగి డబ్బాలో పెట్టాడు. "ఎన్నాళ్ళ నుంచి?"

"నాకేం తెలుసయ్యా? నేను వాటిని వినడం మానేసి ఎన్నేళ్ళైంది? ఎన్ని తీసుకెళ్ళి చెత్తబండిలో పోశానో. ఒక్కటి విని ఉన్నా ముందే తెలిసేది." కళ్ళు తుడుచుకుని మళ్ళీ అతని వైపు తిరిగింది. "నువ్వు దానికి ముక్కు గోక్కోవడం నేర్పావు. నేను నవ్వుతూ చూశాను. ఇద్దరం ఇద్దరమే."

అన్నాలైన తర్వాత మేస్త్రి కూతురితో చెప్పి చూశాడు.

"షెడ్డు మానెయ్యమ్మా. చెవులు పోతున్నాయి నీకు."

"ఎవరికి పోలేదు చెప్పు? నువ్వు ముప్పై ఏళ్ళు చెయ్యలేదా? నీకేం తక్కువైంది?"

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. ఏం తక్కువైందో చెప్పడానికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మింగేశాడు. ఆ పూట చెప్పి ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

"రేపు గట్టెక్కితే కొత్త మగ్గాలకు మారుస్తారంట" అంది పిచ్చుక, అతని మోకాలి మీద చెయ్యి వేసి. కొత్త మగ్గాల వేగం పాతవాటికి రెట్టింపు, మోత అంతకంటే ఎక్కువ. "ఆరు మగ్గాలు నాన్నా, నా ఒక్కదానికి. ఆడవాళ్ళలో ఎవరికీ ఇవ్వలేదు. నువ్వు బెంచీ మీద నాకెదురుగా కూర్చుంటే చాలు."

మేస్త్రి తల ఊపాడు. ఇరవై ఏళ్ళుగా విన్నవాటికీ విననివాటికీ ఊపి అలవాటైన తల కదా, దానంతటదే ఊగింది.

మర్నాడు ఆస్పత్రిలో పిచ్చుక గాజుగదిలోకి వెళ్ళి డిప్పలు తగిలించుకుంది. బెంచీ మీద తండ్రిని చూసి చిన్నగా నవ్వింది. నర్సు మొదటి మీట నొక్కింది. ఆ శబ్దం పిల్లకు నిజంగానే వినపడింది, వేలెత్తింది. రెండోదీ వినపడింది. మూడోదానికి తండ్రి వైపు చూసింది.

మేస్త్రి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

నర్సు మీట నొక్కుతూనే ఉంది. పిచ్చుక కళ్ళు పెద్దవి చేసింది. 'నాన్నా' అని పెదాలు కదిపింది. ముక్కు నిజంగానే దురద పెడుతోంది అతనికి, ఏం చేస్తాం, అలాంటప్పుడే పెడుతుంది. చేతులు తియ్యలేదు. కళ్ళు దించుకుంటే బాగుండేది గానీ దించుకోలేదు, అంత పని చేస్తున్నవాడు కనీసం చూడాలి అనుకున్నాడు. నర్సు కాగితం మీద గీతలు గీసింది. ఆ గీతలతో పిచ్చుక మగ్గాలు పోయాయి.

ఆమె బయటికొచ్చింది, తండ్రి ముఖం చూడలేదు. తర్వాత వంతు అతనిదే. లోపల కూర్చుని తల ఎత్తేసరికి, బెంచీ మీద కూతురు ఏడుస్తూ, నర్సు మీట నొక్కినప్పుడల్లా ముక్కు గోక్కుంటోంది. ఒక్కటి కూడా తప్పలేదు. తన కొంప ముంచినవాడిని గట్టెక్కించడానికి అంత శ్రద్ధగా గోక్కుంటున్న పిల్లనే చూస్తూ కూర్చున్నాడు. వేలు మాత్రం ఎత్తలేదు.

నర్సు కాసేపు చూసి, తలుపు తెరిచి లోపలికి వచ్చి, అతని పక్కన వంగి ముఖంలోకి చూసింది.

"ఏమీ వినపడటం లేదా మీకు? ఎన్నాళ్ళ నుంచి?"

"పెళ్ళైన రెండో ఏడు నుంచి" అన్నాడు మేస్త్రి. "అమ్మాయి ఆ తర్వాత పుట్టింది. దాని గొంతు ఎలా ఉంటుందో నాకు తెలీదమ్మా."

మూడేళ్ళు మగ్గాల మధ్య బతికిన పిల్లకు పెదాలు చదవడం ఒకరు నేర్పక్కర్లేదు. అద్దం అవతల నుంచి ఆ మాటలు ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివింది. తనకు ఊహ తెలిసేనాటికే ఇల్లు అలా ఉంది కాబట్టి, తండ్రి చెవులు ఎప్పుడు పోయాయని ఆమె ఎన్నడూ అడగలేదు. గోక్కుంటున్న చెయ్యి ముఖం మీదే ఆగిపోయింది.

ఆ రోజు గట్టెక్కిన పద్నాలుగు మంది కొత్త మగ్గాలకు మారారు. మూడేళ్ళు తిరక్కుండా ఆ పద్నాలుగు ఇళ్ళలోనూ రెండోసారి ఊడవడం మొదలైంది. మేస్త్రిని గోదాముకు పంపారు, పిచ్చుక మడతల గదిలో చేరింది. ఆమె వినికిడిలో పోయినంత పోయింది, అది తిరిగిరాలేదు. మిగిలింది మాత్రం మిగిలింది.

కానీ ఇదంతా తర్వాత సంగతి. ఆ పూట ఇద్దరూ మిల్లు గేటు దాటి ఇంటిదారి పట్టారు, అతను ముందు, ఆమె వెనక. కొంత దూరం వెళ్ళాక ఆమె గబగబా అతన్ని దాటి, ఎదురు తిరిగి, వెనక్కి నడవడం మొదలుపెట్టింది.

"నువ్వు చేసింది నేను జన్మలో మర్చిపోను" అంది, పెదాలు విడివిడిగా కదుపుతూ.

"మర్చిపోవద్దు" అన్నాడు.

ఎదురుగా సైకిలు వస్తే ఆమెను పక్కకు లాగాడు. ఆమె చెయ్యి విడిపించుకుంది గానీ ముందుకు తిరగలేదు.

"అమ్మ గొంతు గుర్తుందా నీకు?"

ఏడాదిన్నర విన్నాడు దాన్ని. కొంచెం బొంగురు, మాట చివర కాస్త పైకి లేస్తుంది.

"ఉంది."

"నాదీ అదే గొంతంట. కనపడకుండా పిలిస్తే పక్కింటి పిన్ని ఇప్పటికీ అమ్మే అనుకుంటుంది."

మేస్త్రి రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. ఆ పాత గొంతును వెతికి తీసి, కూతురి పెదాల వైపు చూశాడు.

"ఒకసారి పిలువు" అన్నాడు.