ఆఖరి దాకా ఎవరూ వినని పాట

నేను కంప్యూటర్లో పాట పెట్టేనంటే మా ఆవిడ ప్రసన్న ముందెళ్లి వీధి తలుపు వేసొస్తుంది. పక్కింటివాళ్లు వింటే పరువు పోతుందని ఆవిడ భయం. అందరిలాగా ఫోను తీసి వేలితో నొక్కే బాపతు సంగీతం కాదు మరి నాది. నల్ల తెర తెరవాలి, ప్లేయర్ పేరు టైపు చెయ్యాలి, పక్కన ఫైలు పేరు కొట్టాలి, ఎంటర్ నొక్కాలి. అప్పుడు ముప్పయ్యేళ్ల కిందటి కంప్యూటర్ సంగీతం కుయ్యిమంటూ బయటికొస్తుంది. మౌసు ముట్టుకోవడం నాకు నామోషీ. చూసినవాళ్లు నేనేదో బ్యాంకు దోచేస్తున్నాననుకుంటారు. రాజోలులో కంప్యూటర్ సెంటర్ పెట్టి, సగం ఊరికి టైపు నేర్పి, చివరికి సెంటర్‌కి తాళం వేసుకున్న మేధావిని లెండి. ఆమాత్రం పొగరుండదూ?

ఆ ఫైళ్లలో ఒకటి నేను స్వయంగా కట్టింది. ఆ రోజుల్లో పాట మొత్తం రికార్డు చేసి దాచుకునేంత చోటు ఫ్లాపీలో ఉండేది కాదు. అందుకని నాలుగైదు చిన్న చిన్న చప్పుళ్లు పట్టుకుని, ఏది ఎప్పుడు ఏ స్వరంలో మోగాలో వరసగా రాసిపెట్టేవాళ్లం. ప్లేయరు దాన్ని చదువుకుంటూ వాయించుకుపోతుంది. నా పాటలో డప్పంటే కొబ్బరి చిప్ప మీద కొట్టిన దెబ్బ. బాకా అంటే గోదారి దాటించే పంటు కూత. మధ్యలో మోగే గంట మా అత్తారిచ్చిన ఇత్తడి చెంబు. ఇంత గొప్ప సృష్టిని ఆఖరి దాకా విన్న నరమానవుడు లేడు. పాట సగానికి రాకుండానే వంటింట్లోంచి ప్రసన్న "ఆపండి బాబూ, తల పగిలిపోతోంది" అంటుంది. నేను ఆపేస్తాను. ముక్కలు ముక్కలుగా కట్టుకున్నదే తప్ప, నేనూ ఒక్క ఊపున ఎప్పుడూ వినలేదు.

అలాంటి పాటకి మా బావగారి కూతురు శారోన్ పెళ్లిలో చోటు దొరికింది.

బావగారంటే ప్రసన్న అన్నయ్య, వీర్రాజుగారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యేరు. పరుగు పందేల్లో పిల్లల పక్కనే తనూ పరిగెత్తిన మనిషి. నిరుడు పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. అప్పట్నించీ ఆయనకి ఒకటే పట్టుదల. పెళ్లినాడు చర్చి గుమ్మం దగ్గర్నుంచి బలిపీఠం దాకా శారోన్ చెయ్యి పట్టుకుని తన కాళ్ల మీద నడవాలి. చక్రాల కుర్చీ మాటెత్తితే చేతికర్ర ఎత్తేవారు.

మా చర్చి బాగా పొడుగు. రిహార్సల్లో క్వయిర్ వాళ్ల పాట అయిపోయేసరికి ఆయన సగం కూడా రాలేదు. ఆ తరవాత చప్పుడు లేని చర్చిలో కాలు ఈడ్చుకుంటూ వస్తుంటే ప్రసన్న చూడలేక బయటికెళ్లిపోయింది. అప్పుడు పాస్టరుగారు, శారోన్ అన్న రవికుమార్ కలిసి ఆయన్ని ఒక మాటకి ఒప్పించేరు. రవి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి పట్టుకుని వెనకాలే వస్తాడు. పాట ఆగేసరికి బావగారు ఎక్కడుంటే అక్కడ కూచోవాలి. మిగతా దూరం చెల్లెల్ని రవి తీసుకెళ్తాడు.

"ఆయ్, కుర్చీలాటే కదండీ. ఇన్నేళ్లూ పిల్లల చేత నేనే ఆడించేను. ఆగితే కూచుంటాను, రూలంటే రూలే" అన్నారు బావగారు నవ్వుతూ. ఇంటికొచ్చేక అన్నం ముట్టలేదు.

తీరా పెళ్లి దగ్గర పడ్డాక, కీబోర్డు వాయించే ప్రవీణ్ కుమార్ దిండి రిసార్టులో ఇంకో పెళ్లి ఒప్పేసుకున్నాడని తెలిసింది. కీబోర్డు లేకపోతే మా క్వయిర్ నోరు విప్పదు. ఫోన్లో ఏదో ఒకటి పెట్టేద్దామన్నాడు రవి. నేను గొంతు సవరించుకున్నాను.

"నా పాటుంది. నాలుగు నిమిషాలని ప్లేయరు చూపిస్తోంది. క్వయిర్ పాట కన్నా పెద్దది."

ప్రసన్న తల పట్టుకుంది. బావగారి మొహం మాత్రం వెలిగిపోయింది. "మా బావగారి పాటే పెట్టండి" అని నన్ను చూపించి తేల్చేసేరు. నా కళకి ఇన్నాళ్లకి ఒక రసికుడు దొరికేడని నేను పొంగిపోయేను. కాసేపటికి ఆయన నన్ను పక్కకి పిలిచేరు.

"ఇంకాస్త సాగదీయలేరా అండీ? పాట మీదే కదా."

నేనేమన్నానో చెబితే మీరు నన్ను తంతారు. "అలా కుదరదండీ. కళన్నాక ఒక కొలతుంటుంది. ఒక్క స్వరం పెంచినా పాడైపోద్ది" అన్నాను. చెంబు మోతకి కొలతట! ఆయన "అలాగేనండీ" అని ఊరుకున్నారు.

పెళ్లినాడు లాప్‌టాప్‌కి చర్చి స్పీకర్లు తగిలించుకుని, కొత్త చొక్కాతో మూల బల్ల దగ్గర కూచున్నాను. పక్కన ప్రసన్న కాపలా. గుమ్మంలో బావగారు, శారోన్ కనబడగానే జనమంతా లేచి నిలబడ్డారు. నేను ఠీవిగా కమాండ్ కొట్టేను. అలాంటి ఫైలు లేదంది. కంగారులో ఒక అక్షరం మింగేసేను. చర్చంతా నావైపు చూసింది. రెండోసారి ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టేను. పంటు కూసింది. ముందు బెంచీలో ఓ ముసలమ్మగారు ఉలిక్కిపడ్డారు.

బావగారు నడుస్తున్నారు. అందరూ ఆయన్ని చూస్తున్నారు. నేను మాత్రం తలలూపుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని వెతుకుతున్నాను, సిగ్గులేకుండా. ఆఖరి వరస వచ్చేసరికి ఆయన సగం దాటేరు. కర్ర వణుకుతోంది. శారోన్ పెదవి కొరుక్కుంటోంది. వెనకాల రవి కుర్చీ కింద పెట్టేడు. చెంబు చివరిసారి మోగింది. బావగారు ఒక్క క్షణం ఆగి కళ్లు మూసుకున్నారు.

పంటు మళ్లీ కూసింది.

పాట మొదటికొచ్చేసింది! ఎప్పుడో కట్టినప్పుడు చివర్లో 'మళ్లీ మొదటికి వెళ్లు' అని నేనే రాసి మర్చిపోయినట్టున్నాను. ఆఖరి దాకా వింటే కదా తెలియడానికి! ముగించడం చేతకాని వెధవ అనుకుంటారు జనం. గబగబా ఆపే మీటల మీదకి చెయ్యి పోనిచ్చేను. ప్రసన్న నా మణికట్టు పట్టేసుకుంది.

"ఆపేరంటే చంపేస్తాను" అంది. ఆవిడ కళ్ల నిండా నీళ్లు.

తలెత్తి చూసేను. బావగారు కళ్లు తెరిచేరు. కర్ర ముందుకేసేరు. రవి కుర్చీ పైకెత్తుకున్నాడు. డప్పుకొక అడుగు పడుతోంది. పాట రెండోసారి అయిపోయి మూడోసారి మొదలైంది. అప్పుడు ఆయన బలిపీఠం ముందుకొచ్చి, శారోన్ చెయ్యి తీసి పెళ్లికొడుకు చేతిలో పెట్టేరు. ప్రసన్న నా చెయ్యి వదిలింది. నేను ఆపేను.

భోజనాల దగ్గర నా మెప్పు నేను వసూలు చేసుకుందామని ఆయన పక్కన చేరేను.

"పాటెలా ఉందండీ బావగారూ?"

"నిజం చెప్పమంటారా? నాకేమీ వినపడలేదండీ. ఆగిందా, ఆగలేదా, అంతే."

నా మొహం వాడిపోయింది. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"కుదరదన్నారు గానీ, ఊరుకోలేకపోయేరు. నాకోసం కూచుని పెంచేరు కదూ? ఎంత కష్టపడ్డారో!" అన్నారు.

అదంతా నా తెలివితక్కువండీ, ఆపేద్దామని చూసేను కూడానండీ అని చెప్పెయ్యాలి. మాట నాలిక చివరి దాకా వచ్చింది. మాంసం గిన్నె పట్టుకుని ప్రసన్న నా వెనకే నిలబడింది. ఆవిడకంతా తెలుసు.

"ఆయ్" అన్నాను.

ప్రసన్న నా పళ్లెంలో ఇంకో రెండు ముక్కలు వేసి పక్క వరసకి వెళ్లిపోయింది.