లిడియా తెల్లకోటు

మా మనవరాలు లిడియా గుంటూరులో ఒక కాలేజీలో రసాయనాల మీద పరిశోధన చేసేది. సత్తెనపల్లి దగ్గర మా ఊరికి వచ్చినప్పుడల్లా, నేనూ మా కోడలు అంకమ్మా మిరపకాయలకు తొడిమలు తీస్తుంటే, పక్కన కూర్చుని తన పని గురించి చెప్పేది.

"జినాన్ అని ఒక వాయువుంది నాయనమ్మా. ఎవరితోనూ కలవదు. దాన్ని బలవంతాన ఆక్సిజన్‌తో కలిపాం. నీళ్లలో ఉన్నంతసేపు బుద్ధిగానే ఉంటుంది. ఆరి పలుకు కట్టిందా, కాస్త నూనె జిడ్డు తగిలినా పేలిపోద్ది."

"మీ తాత పోలికే," అన్నాను. "ఆయన జిడ్డు తగలకపోయినా పేలేవాడు."

లిడియా నవ్వింది. వాళ్లమ్మ అంకమ్మ నవ్వలేదు. "నీకెందుకే అలాంటి పని?"

"జాగ్రత్తగానే ఉంటానమ్మా. ల్యాబులో వేసుకునే నా కోటుకి మాత్రం మీ మిరప చేతులు తగలనీకు."

తగలనివ్వలేదు అంకమ్మ. చేతులు సబ్బుతో తోముకుని మరీ ఆ తెల్లకోటు ఉతికింది. కల్లంలో కారం దుమ్ము లేస్తుందని ఇంట్లోనే దండెం కట్టి ఆరేసింది. ఆదివారం ఒక సంచి పట్టుకుని చర్చికి వెళ్లింది. పరీక్షల ముందు పిల్లల పెన్నులకూ, కొత్త ట్రాక్టర్లకూ పాస్టరు గారి చేత ప్రార్థన చేయించుకోవడం మాకు మామూలే కాబట్టి, సంచిలో ఏముందని నేనడగలేదు.

ఆ వారంలోనే కబురొచ్చింది. పళ్లెం అంచున ఆ జినాన్ మందు కాస్త ఆరిపోయి ఉందట. దాని మీదుగా లిడియా చెయ్యి చాపగానే పేలిందట. కళ్లద్దాలు పగిలి కళ్లలోనే గుచ్చుకున్నాయి. ఇక చూపు రాదన్నారు డాక్టర్లు. ఎక్కడిదో జిడ్డు తగిలే పేలింది, పిల్లదే అజాగ్రత్త అన్నారు కాలేజీవాళ్లు.

ఇంటికొచ్చాక లిడియాది ఒకటే మాట. "అన్నీ నేనే కడిగాను నాయనమ్మా. ఆ జిడ్డు ఎక్కణ్ణుంచి వచ్చింది? అది తెలిస్తే చాలు నాకు."

ఒక ఉదయం అంకమ్మ ప్రార్థన నూనె సీసా తెచ్చి, కూతురి రెప్ప మీద వేలితో రాసింది. లిడియా తల తిప్పింది.

"ఆ రోజు నా కోటుకి ఈ వాసనే వచ్చిందమ్మా. సబ్బు వాసనేమో అనుకున్నా."

"పాస్టరు గారి చేత కోటు రెండు చేతుల మీదా దీంతోనే సిలువ వేయించాగా. అదే లేకపోతే నా బిడ్డ ప్రాణమే పోయేది."

"నూనె తగలకూడదన్నాను కదమ్మా."

"వంటనూనె చుక్క కూడా పడనిచ్చానా? ఇది నూనె కాదే, ప్రార్థన చేసింది."

నా చేతిలోని మిరపకాయ అలాగే ఉండిపోయింది. లిడియా తడుముకుంటూ తల్లి చెయ్యి పట్టుకుంది. ఆ వేలి జిడ్డును తన వేళ్లతో ఒకసారి రుద్ది చూసుకుంది.

"అవునమ్మా," అంది. "రెండో కంటిక్కూడా రాయి."

ఆ జిడ్డు సంగతి లిడియా మళ్లీ ఎత్తలేదు. ఆ తర్వాత ఇంకే సంగతీ అడగలేదు.